పెద్ద చేప నోట్లోకి దూరి బయటికొచ్చే చిన్న నీలం చేప: దాన్ని ఎందుకు మింగదు?

మీరు అడిగింది ఇదీ: అండమాన్‌లోని హావ్‌లాక్‌లో మొదటిసారి స్కూబాకి వెళ్లినప్పుడు, వేలెడంత పొడవున్న నీలం చారల చేప ఒకటి పెద్ద గ్రూపర్ చేప తెరిచిన నోట్లోకి దూరి, మొప్పల పక్క నుంచి తాపీగా బయటికి రావడం చూశారు. గ్రూపర్ దాన్ని మింగలేదు. ఎందుకు మింగలేదు? వాటి మధ్య స్నేహం ఉంటుందా? వైజాగ్ వైపు ఇది కనిపిస్తుందా? ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచుకోవచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు చూసింది క్లీనర్ రాస్. శాస్త్రీయ నామం లాబ్రాయిడీస్ డిమిడియేటస్. మిగతా చేపల ఒంటి మీద, మొప్పల్లో, నోట్లో పట్టిన పరాన్నజీవుల్ని ఏరుకుని తినడం దాని బతుకుతెరువు. గ్రూపర్ దాన్ని మింగకపోవడానికి కారణం స్నేహం కాదు. మింగితే ఒక్క ముద్ద, వదిలేస్తే రోజూ శుభ్రం. గ్రూపర్‌కి రెండోదే ఎక్కువ లాభం. దీన్ని చూడాలంటే పగడపు దిబ్బలున్న చోటికే వెళ్లడం మంచిది: అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ. అక్వేరియం విషయంలో నా జవాబు వద్దు అనే. దానికి కారణాలు కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క ప్రశ్నకే నాకు తరచుగా వాదన ఎదురవుతుంది.

నేను ఫిషరీస్ చదువుకుని అండమాన్ వెళ్లాను. అక్కడ రీఫ్ (పగడపు దిబ్బ) సర్వేలకి డైవింగ్ చేస్తాను, కొత్త డైవర్లకి చేపల్ని గుర్తుపట్టడం నేర్పుతాను. రీఫ్ మీద ఇన్ని వందల రకాల చేపలున్నా, ఒక్కదాన్నే చూసుకుంటూ సిలిండర్ మొత్తం ఖర్చు చేయమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

మొదట గుర్తుపట్టడం. పెద్దది మహా అయితే 14 సెంటీమీటర్లు, మామూలుగా పది లోపే. ముక్కు నుంచి తోక దాకా నల్లటి చార, తోకవైపు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. తల వైపు తెలుపు లేదా లేత పసుపు, వెనక వైపు మెరిసే నీలం. పిల్లది దాదాపు మొత్తం నలుపు, వీపు మీద కరెంటు లైటులా ఒక నీలం గీత. నోరు చిన్నది, తల కొసన ఉంటుంది. పళ్లు పురుగును పొలుసు మీంచి తుంచేంత సన్నం. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పసిఫిక్ మధ్యలో ఉన్న దీవుల దాకా, ఉత్తరాన దక్షిణ జపాన్, దక్షిణాన ఆస్ట్రేలియా దగ్గరి లార్డ్ హోవ్ ద్వీపం వరకు ఇది ఉంది. అంత విస్తారమైన ప్రాంతంలో ఎక్కడ చూసినా చేసే పని మాత్రం ఒకటే.

ఇది వేటాడుతూ తిరగదు. ఒక బండ అంచో, పుట్టలా పెరిగిన పగడమో తన స్థానంగా పెట్టుకుని అక్కడే ఉంటుంది. దాన్నే మేం క్లీనింగ్ స్టేషన్ అంటాం. చేపలే దాని దగ్గరికి వస్తాయి. అది కూడా తోక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఒక రకం నాట్యం చేసి తన ఉనికి చెప్తుంది. వచ్చిన చేప కదలకుండా నిలబడుతుంది. కొన్ని తల పైకెత్తి నిటారుగా, కొన్ని తల కిందికి పెట్టి ఉంటాయి. రెక్కలన్నీ విప్పుతాయి, మొప్పల మూతలు తెరుస్తాయి, నోరు బార్లా తెరిచి ఉంచుతాయి. గోట్ ఫిష్ లాంటివి ఆ సమయంలో ఒళ్లంతా ఎర్రబడతాయి. ఎర్రటి రంగు మీద పురుగులు స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి అలా అవుతాయని ఒక వివరణ ఉంది. ఒక స్టేషన్ ఒకే చోట ఏళ్ల తరబడి నడుస్తుంది. చుట్టూ పగడం చచ్చిపోయి ఉత్త బండ మిగిలిన చోట కూడా స్టేషన్ నడవడం నేను చూశాను.

ఇది తినేది ప్రధానంగా నాథీడ్ అనే బుల్లి ఐసోపాడ్‌ల పిల్లదశల్ని. మన కుక్కలకి పట్టే గోమార్ల లాంటివి అనుకోండి, రక్తం పీల్చి రాలిపోతాయి. ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లే. రాత్రిపూట, తెల్లవారుజామున ఇవి ఎక్కువగా చేపల మీదికి ఎక్కుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద లిజార్డ్ ద్వీపం దగ్గర అలెగ్జాండ్రా గ్రటర్ అనే శాస్త్రవేత్త 1990ల్లో కూర్చుని లెక్కపెట్టారు. ఒక్క క్లీనర్ రోజుకి సగటున సుమారు 2,300 చేపల్ని పరిశీలిస్తుంది, 1,200 పరాన్నజీవుల దాకా తింటుంది. కొన్ని చేపలు ఒకే రోజులో వందసార్లకు పైగా క్లీనర్ దగ్గరికి వస్తాయని కూడా ఆమె గమనించారు. వేలెడంత చేప చేసే పని ఇది. నాకు ఈ అంకెలు చదివిన ప్రతిసారీ గౌరవం కలుగుతుంది.

ఇక్కడిదాకా విన్నవాళ్లు సాధారణంగా "ఎంత బాగుంది, ఒకరికొకరు సాయం" అని ముగించేస్తారు. అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

క్లీనర్‌కి నిజంగా ఇష్టమైన తిండి పరాన్నజీవి కాదు. చేపల ఒంటి మీద ఉండే జిగురు పొర అంటే దానికి ఇష్టం. ఆ జిగురులో పోషకాలు ఎక్కువ, ముఖ్యంగా చిలక చేప జిగురులో. పరాన్నజీవుల్ని, జిగురుని పక్కపక్కన పెట్టి ఏది కావాలంటే అది తినమని వదిలితే క్లీనర్ జిగురు వైపే వెళ్తుందని గ్రటర్, రెడువాన్ బ్షారి అనే మరో శాస్త్రవేత్త కలిసి 2003లో ప్రయోగం చేసి చూపించారు. అంటే అది రోజంతా తనకి అంతగా నచ్చని తిండి తింటూ, నచ్చింది కళ్లముందే ఉన్నా వదిలిపెట్టాలి. వచ్చిన చేపకి కావలసింది పురుగులు పోవడం. జిగురు పోతే దానికి నష్టం, ఎందుకంటే ఆ పొరే చర్మానికి రక్షణ. ఇద్దరి లాభం ఒక్కచోట కలవదు. మరి ఈ సంబంధం ఎలా నిలబడుతోంది?

దీన్ని మీరు నీళ్లలో మీ కళ్లతోనే చూడొచ్చు. నిలబడి ఉన్న చేప ఉన్నట్టుండి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది, ఒళ్లు జలదరించినట్టు కుదుపు. క్లీనర్ పురుగును కాకుండా జిగురును కొరికిందని ఆ కుదుపు అర్థం. పరిశోధకులు మోసాన్ని లెక్కించేది ఈ కుదుపులతోనే. కుదుపు తర్వాత ఏం జరుగుతుందన్నది వచ్చిన చేపని బట్టి ఉంటుంది.

ఆ రీఫ్ మీదే చిన్న జాగాలో కాపురముండే చేప ఉందనుకోండి, దానికి అందుబాటులో ఉన్నది ఆ ఒక్క స్టేషనే. వేరే చోటికి పోలేదు. అందుకని అది క్లీనర్‌ని తరుముతుంది. తరిమించుకున్న క్లీనర్ తర్వాత ఆ చేపకి కాస్త మర్యాదగా పని చేస్తుంది. పెద్ద జాగాలో తిరిగే చేప ఉందనుకోండి, దానికి దారిలో రెండు మూడు స్టేషన్లుంటాయి. అది తరమదు, మారు మాట్లాడకుండా ఇంకో స్టేషన్‌కి వెళ్లిపోతుంది. క్లీనర్‌కి ఈ తేడా తెలుసు. రెండూ ఒకేసారి వస్తే తిరిగే చేపకే ముందు పని చేస్తుంది, కాపురముండే చేపని ఆపుతుంది. ఎందుకంటే ఇంటిపక్కది ఎలాగూ ఆగుతుంది, బాటసారి ఆగదు.

మరో సంగతి ఇంకా గొప్పగా ఉంటుంది. వంతు కోసం పక్కన ఆగిన చేప చూస్తూ ఉంటుంది. ముందున్న చేపకి సాఫీగా పని జరుగుతుంటే దగ్గరికొస్తుంది, ఉలిక్కిపడటం కనిపిస్తే వెనక్కి తగ్గుతుంది. క్లీనర్ కూడా ఎవరైనా చూస్తుంటే జాగ్రత్తగా మసలుకుంటుంది. గ్రటర్, బ్షారి 2006లో దీన్ని ప్రయోగంతో నిరూపించారు. బ్షారి ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ పార్కులో, ఎర్ర సముద్రంలో చాలాకాలం పనిచేశారు. అక్కడ ఆయన చూసిన కొన్ని క్లీనర్లు చిన్న చేపని మెత్తగా నిమిరి, చూస్తున్న పెద్ద చేపని నమ్మించి, అది దగ్గరికి రాగానే దాని జిగురు కొరికేవి. నేను అండమాన్‌లో చూసినంతవరకు అలాంటివి తక్కువే, చాలా క్లీనర్లు నిజాయితీగానే పనిచేస్తాయి. కానీ ఆ మోసం సాధ్యమే అని తెలిశాక, మామూలుగా జరిగే నిజాయితీకి విలువ పెరుగుతుంది.

ఇక మీ గ్రూపర్ సంగతి. మాంసాహార చేపల దగ్గర క్లీనర్ మోసం చేయడం బాగా అరుదు. అక్కడ పొరపాటుకి శిక్ష తరమడం కాదు, ప్రాణమే పోవచ్చు. అందుకని నోట్లోకి దూరేముందు క్లీనర్ దాని ఒంటిని రెక్కలతో తాకుతూ నిమురుతుంది. ఇది నిజంగా ఒక మసాజ్ లాంటిదే. సర్జన్ ఫిష్‌ల మీద చేసిన ప్రయోగంలో, కదిలే క్లీనర్ బొమ్మ ఒంటికి తగులుతూ ఉన్న చేపల రక్తంలో కార్టిసాల్ తగ్గింది, అంటే టెన్షన్ తగ్గింది. బొమ్మ కదలకుండా ఉంటే ఆ ప్రభావం లేదు. గ్రూపర్‌కి పని చాలనిపిస్తే నోరు సగం మూసి మళ్లీ తెరుస్తుంది, ఒళ్లు కుదుపుతుంది. అది బయటికి రమ్మనే సంకేతం. క్లీనర్ బయటికొచ్చేస్తుంది. మీరు చూసిన దృశ్యంలో అది మొప్పల్లోంచి తాపీగా రావడానికి ఇదే కారణం. అక్కడ తొందరపడాల్సిన అవసరం దానికి లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను: దీని సంసారం.

మీరు చూసిన క్లీనర్ ఆడదో మగదో బయటి నుంచి చెప్పడం దాదాపు అసాధ్యం, రంగు ఒకటే. అయినా కొద్దిసేపు గమనిస్తే తెలుస్తుంది. ఒక ప్రాంతంలో అన్నిటికన్నా పెద్దది మగది. దాని హద్దుల్లో మామూలుగా మూడు నుంచి ఆరు ఆడవి, ఇంకా ఎదగని చిన్నవి ఉంటాయి. ఆడవి ఎవరి స్టేషన్ వాళ్లు చూసుకుంటాయి. మగది రోజంతా ఒక్కో స్టేషన్‌కి తిరుగుతూ, ఒక్కోదాని దగ్గర ఆగి ఎదురు నిలిచి పెత్తనం చూపిస్తుంది. ఆడవాటిలోనూ పరిమాణాన్ని బట్టి పై కింద వరసలుంటాయి, పెద్దది చిన్నవాటిని అణిచి ఉంచుతుంది.

ఈ చేపలన్నీ ఆడవిగానే పెరుగుతాయి. మగది పోతే అన్నిటికన్నా పెద్ద ఆడది మగదవుతుంది. 1972లో రాస్ రాబర్ట్‌సన్ గ్రేట్ బారియర్ రీఫ్ మీద హెరాన్ ద్వీపం దగ్గర మగ చేపల్ని తీసేసి ఏం జరుగుతుందో చూశారు. గంటన్నర రెండు గంటల్లోనే పెద్ద ఆడది మగ ప్రవర్తన మొదలుపెట్టింది, మిగతా ఆడవాటి చుట్టూ తిరిగి పెత్తనం చూపింది. కొద్ది రోజుల్లో పూర్తిగా మగ పాత్రలోకి వెళ్లింది. రెండు మూడు వారాల్లోపే, అంటే 14 నుంచి 18 రోజుల్లో, వీర్యం తయారైంది. అంటే శరీరం మారకముందే ప్రవర్తన మారింది. మగది బతికున్నంత కాలం అది రోజూ తిరిగి చూపించే పెత్తనమే ఆడవాటిని మారకుండా ఆపుతుంది. పక్క ప్రాంతం మగది దాడి చేసి ఆక్రమించుకోకుండా, లోపలి పెద్ద ఆడది వెంటనే ఆ స్థానం తీసుకోవడం కూడా ఇందులో ముఖ్యం. ఆ రెండు గంటల తొందరకి అర్థం అక్కడుంది.

ఇది ఒకవైపు దారి మాత్రమే కాదు. జపాన్‌లో 2002లో రెండు మగ క్లీనర్లని ఒకచోట ఉంచితే చిన్నది మళ్లీ ఆడదిగా మారిపోయింది. మామూలుగా సముద్రంలో ఇలా మారే అవసరం రాదు, చుట్టూ ఆడవి లేని పరిస్థితిలో వస్తుంది. చేపల్లో లింగం ఎప్పటికీ ఒకటే అని మనం బడిలో అనుకున్న మాటకి ఈ చిన్న చేప గట్టి జవాబు.

ఈ సంసారం, ఆ వ్యాపారం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మగది, ఆడది కలిసి ఒకే చేపని శుభ్రం చేస్తున్నప్పుడు ఆడది జిగురు కొరికితే చేప వెళ్లిపోతుంది, నష్టం మగదానికి కూడా. అప్పుడు మగది ఆడదాన్ని తరుముతుంది. నికోలా రైహానీ అనే శాస్త్రవేత్త, గ్రటర్, బ్షారి 2010లో చేపకి బదులు పళ్లేలతో ఈ పరిస్థితిని తయారుచేశారు. పళ్లెంలో కాస్త నచ్చని తిండి, బాగా నచ్చే రొయ్య రెండూ పెట్టి, రొయ్యని ముట్టుకోగానే పళ్లెం లాగేసేవాళ్లు. శిక్షపడిన ఆడది ఆ తర్వాత రొయ్య వైపు తక్కువసార్లు వెళ్లింది. తర్వాతి పరిశోధనలో, తనతో దాదాపు సమానంగా పెరిగిన ఆడదాన్ని మగది మరింత గట్టిగా శిక్షిస్తుందని తేలింది. ఎక్కువ తిని పెరిగిన ఆడది రేపు తన స్థానానికే పోటీ కదా. మీరు స్టేషన్ దగ్గర రెండు క్లీనర్లు ఒకదాన్నొకటి తరుముకోవడం చూస్తే అది ఆట అనుకోకండి.

గుడ్ల సంగతి త్వరగా చెప్తాను. మగది, ఆడది జంటగా పైకి దూసుకెళ్లి నీళ్లలో గుడ్లు, వీర్యం వదిలేస్తాయి. కాపలా లేదు, గూడు లేదు. గుడ్లు ప్రవాహంతో కొట్టుకుపోతాయి, పిల్లలు కొంతకాలం నడిసముద్రంలో తేలి ఏదో ఒక రీఫ్ మీద దిగుతాయి. దిగిన వెంటనే ఆ నల్లటి పిల్లలు కూడా చిన్న చేపల్ని శుభ్రం చేసే పని మొదలుపెడతాయి. రాత్రయితే క్లీనర్లు రాతి సందుల్లో దూరి, ఒంటి చుట్టూ పలుచటి జిగురు సంచి అల్లుకుని పడుకుంటాయి.

ఇక మోసగాళ్ల గురించి, ఇది డైవర్లకి పనికొస్తుంది. ఆస్పిడాంటస్ టీనియేటస్ అనే బ్లెనీ చేప అచ్చు క్లీనర్ లాగే ఉంటుంది. అదే చార, అదే నీలం, అదే నాట్యం. శుభ్రం చేయించుకుందామని వచ్చిన చేప రెక్కని ముక్క కొరికి పారిపోతుంది. గుర్తుపట్టడానికి నోరు చూడండి. క్లీనర్ నోరు తల కొసన ఉంటుంది, బ్లెనీ నోరు తల కింద వైపు ఉంటుంది. వీపు రెక్క కూడా బ్లెనీకి తల వెనకాల నుంచే మొదలవుతుంది. పెద్ద బ్లెనీలు రెక్కల కన్నా ఇతర చేపల గుడ్లు, రీఫ్ మీద గొట్టాల్లో ఉండే పురుగులు ఎక్కువ తింటాయి. ప్లాజియోట్రీమస్ రైనోరింకస్ అనే ఇంకో బ్లెనీ క్లీనర్ పిల్లల్ని అనుకరిస్తుంది. అది ఆ వేషం వేసుకోగలదు, తీసేయగలదు కూడా. మోసగాళ్లు ఎక్కువైతే నిజమైన క్లీనర్ దగ్గరికి వచ్చే చేపలు కూడా భయపడతాయి, అందుకే ఇవి సాధారణంగా క్లీనర్ల కన్నా తక్కువ సంఖ్యలోనే బతకగలుగుతాయి.

తెలివి గురించి కూడా ఒక మాట. పళ్లేలతో పెట్టిన ఒక పరీక్షలో, ముందు ఏ పళ్లెం తినాలో నేర్చుకోవడంలో పెద్ద క్లీనర్లు చింపాంజీలు, ఒరాంగుటాన్లు, కపుచిన్ కోతుల కన్నా మెరుగ్గా చేశాయి. పిల్ల క్లీనర్లు అంత బాగా చేయలేదు. 2019లో జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీలో మసనోరి కోడా బృందం అద్దం పరీక్ష పెట్టింది, అంటే అద్దంలో కనిపించేది తనే అని జంతువు గుర్తుపడుతుందా అని చూసే పరీక్ష. గొంతు దగ్గర రంగు చుక్క పెట్టిన క్లీనర్లు అద్దంలో చూసుకుని, ఆ చోటును నేలకి రుద్దుకున్నాయి. 1970లో ఈ పరీక్షను రూపొందించిన గోర్డన్ గాలప్ దీన్ని ఒప్పుకోలేదు, వాదన నడిచింది. కోడా బృందం ఇంకా ఎక్కువ చేపలతో మళ్లీ చేసి చూపించింది. నేను ఫలితాన్ని నమ్ముతాను. రోజుకి వందల మందిని గుర్తుపెట్టుకుని, ఎవరితో ఎలా మసలాలో తేల్చుకునే జంతువుకి ఇంత తెలివి అవసరమే.

ఇప్పుడు అక్వేరియం.

మార్కెట్లో దొరికే క్లీనర్ రాస్‌లు ఎక్కువగా రీఫ్ నుంచి పట్టినవే. ఒక్కదాన్ని తెస్తే రీఫ్‌కి ఏం నష్టం అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. దీనికి లిజార్డ్ ద్వీపం దగ్గర చేసిన పని జవాబిస్తుంది. 1999లో గ్రటర్ ప్రచురించిన ప్రయోగంలో, క్లీనర్లు లేని చోట పంజరాల్లో ఉంచిన చేపలకి 12 గంటల్లోనే నాలుగు రెట్లకు పైగా పరాన్నజీవులు పట్టాయి. తర్వాత 2000 నుంచి కొన్ని చిన్న రీఫ్‌ల మీద క్లీనర్లని తీసేస్తూ వచ్చారు. ఎనిమిదిన్నర ఏళ్లకి, అక్కడ కాపురముండే చేపలు 37 శాతం తగ్గాయి. తిరుగుతూ వచ్చే చేపలు 23 శాతం తగ్గాయి, వాటి జాతుల సంఖ్య మూడో వంతు పడిపోయింది. డామ్‌సెల్ చేపలు పెరుగుదలలో వెనకబడ్డాయి. ఒక చిన్న రీఫ్ మీద ఉండేదే ఒకటి రెండు క్లీనర్లు. అందులో ఒకటి పోతే ఆ చోటు మొత్తం దెబ్బతింటుంది. పైగా పట్టేవాళ్లు ప్రస్ఫుటంగా తిరిగే పెద్దవాటినే పట్టుకుంటే, పోయేది మగది లేదా కాబోయే మగది.

మీ ట్యాంక్ వైపు నుంచి కూడా చూద్దాం. క్లీనర్‌కి రోజుకి వందల పురుగులు కావాలి. మీ ట్యాంక్‌లో ఉన్న ఆరేడు చేపల దగ్గర అన్ని ఎక్కడ దొరుకుతాయి? అది ఆకలితో మిగతా చేపల జిగురు కొరుకుతుంది, అవి పారిపోవడానికి చోటుండదు. గోడలున్న నీళ్లలో తరమడమూ, వేరే స్టేషన్‌కి పోవడమూ కుదరదు. సముద్రంలో దాన్ని అదుపులో పెట్టే ఏ దారీ ట్యాంక్‌లో ఉండదు. చాలావరకు అవి కొద్ది వారాల్లో తిండి అలవాటు కాక చనిపోతాయి. బాగా అనుభవమున్నవాళ్లు చిన్న చిన్న ముక్కలుగా తిండి రోజుకి చాలాసార్లు పెట్టి బతికించుకుంటారు, అది నిజమే. కొత్తవాళ్లకి అది నేను సలహా ఇవ్వను.

దుకాణాల్లో "తెల్ల మచ్చల జబ్బు పోతుంది, ఇది వేసుకోండి" అని అమ్మడం నేను చూశాను. అది తప్పు. ఉప్పునీటి తెల్ల మచ్చకి కారణమైన క్రిప్టోకారియాన్ అనే సూక్ష్మ పరాన్నజీవి చర్మం లోపల ఉంటుంది, క్లీనర్ దాన్ని ఏరి తినదు. మీ చేపలకి ఆ జబ్బు వస్తే వేరే క్వారంటైన్ ట్యాంక్‌లో పెట్టి, టెస్ట్ కిట్‌తో కొలుచుకుంటూ కాపర్ మందు వాడండి. ఆ మందు పగడాలు, రొయ్యలున్న మెయిన్ ట్యాంక్‌లో పోయకూడదు, అవి చచ్చిపోతాయి. కొత్త చేప తెచ్చిన ప్రతిసారీ కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచడం వల్ల సగం తలనొప్పులు రావు. శుభ్రం చేసే జంతువు ఉండి తీరాలనిపిస్తే క్లీనర్ రొయ్య గురించి ఆలోచించండి. తిండి పెట్టడం తేలిక.

వైజాగ్ ప్రశ్నకి తిరిగొస్తే, మన కోస్తాలో అండమాన్ లాంటి పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే మట్టి, మంచినీళ్లు ఒక ముఖ్య కారణం. పగడాలకి తేట నీళ్లు, వెలుతురు కావాలి. రుషికొండ వైపు డైవింగ్ చేసేది రాతి దిబ్బల మీద. అవి కూడా చూడదగ్గవే, వాటి జీవం వేరు. క్లీనర్ కోసమైతే మళ్లీ అండమాన్‌కే వెళ్లండి. తెలుగువాళ్లు చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) వెళ్లొచ్చు.

పగడాలకి వచ్చిన కష్టం క్లీనర్‌కీ తగులుతుంది. లిజార్డ్ ద్వీపం దగ్గర 2014, 2015 తుఫాన్లు, 2016లో వేడికి పగడాలు తెల్లబడటం వరసగా వచ్చాయి. ఆ తర్వాత అక్కడ క్లీనర్ల సంఖ్య దాదాపు 80 శాతం పడిపోయింది. మిగిలిన క్లీనర్లు పరీక్షల్లో మునుపటిలా చాకచక్యంగా ప్రవర్తించలేదు. చేపలు తక్కువై పోటీ తగ్గితే ఎవరిని ముందు చూడాలి అనే నేర్పుకి పనే ఉండదు. 2010లో అండమాన్ రీఫ్‌లు కూడా తీవ్రంగా తెల్లబడ్డాయి. ఇప్పటికీ అక్కడ నేను స్టేషన్లు చూస్తున్నాను, అందుకు సంతోషంగా ఉంది, కానీ వేడి సంవత్సరాలు వరసగా వస్తున్నాయి కాబట్టి దిగులు కూడా ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు మీ గైడ్‌ని ముందే అడగండి, "క్లీనింగ్ స్టేషన్ దగ్గర కాసేపు ఆగాలి" అని. ఉదయం మొదటి డైవ్ మంచిది, రాత్రి పట్టిన పురుగులతో చేపలు ఎక్కువగా వస్తాయి. బాయన్సీ (మునగకుండా, పైకి తేలకుండా ఉండే నిలకడ) బాగా చూసుకుని, రెండు మూడు మీటర్ల దూరంలో, ఫిన్స్ పగడానికి తగలకుండా నిలబడండి. మొదటి రెండు నిమిషాలు మీకు భయపడి చేపలు రావు, తర్వాత మామూలైపోతాయి. టార్చ్ నేరుగా వేయకండి. క్లీనర్ మీ వేళ్ల దగ్గరికి వచ్చి గోళ్ల చుట్టూ పరిశీలించవచ్చు. రానివ్వండి, మీరు చేయి చాపి పిలవకండి. ఒక చేపనే ఎంచుకుని, ఎన్నిసార్లు ఉలిక్కిపడింది, కుదుపు తర్వాత తరిమిందా, వెళ్లిపోయిందా, పక్కన వంతు కోసం ఎవరు ఆగారు, ముందు ఎవరికి పని జరిగింది అన్నవి చూడండి. గ్రూపర్ వస్తే దాని నోటి మూలలు చూస్తూ ఉండండి, మూసి తెరిచే సంకేతం అక్కడే మొదలవుతుంది. ఫోటోలు తీస్తే క్లీనర్ నోరు కనిపించేలా పక్క నుంచి తీయండి, నిజమైనదో బ్లెనీయో పోల్చి చెప్పొచ్చు. మళ్లీ వెళ్లొచ్చాక ఏం చూశారో రాయండి. మగదాన్ని గుర్తుపట్టగలిగారా అన్నది నాకు తెలుసుకోవాలని ఉంది.